పూజనాడు ఆపిన ఫ్రీజర్

నాగేంద్ర సారు పంచిపెట్టిన లడ్డూ నేను తినీసేను. ముందు ఆ ముక్క చెప్పీయాల. తర్వాత నేను ఆయన్ని ఎన్ని తిట్టినా, నువ్వూ తిన్నావు కదేటి అని మీరు అడుగుతారు. తిన్నాను. ఆ నెయ్యి వాసన ఇప్పటికీ గొంతులోనే ఉంది, ఛీ.

నా పేరు బంగార్రాజు. బిలాస్‌పూర్ డిపోలో ముప్పయ్యారేళ్లు ఏసీ బోగీల మెకానిక్‌గా డ్యూటీ చేసేను. తార్‌బహార్‌లో ఇల్లు. మా తాత పలాస అవతల్నించి వచ్చి రైల్లో చేరేడు, మా నాన్నా రైలే, నేనూ రైలే. నేను చూసి పంపిన బోగీ దారిలో వేడెక్కిపోయిందని ఒక్క కంప్లయింటు కూడా రానేదు. ఈ మాట డిపోలో ఎవర్నడిగినా చెప్తారు. నాకు మెడల్ ఇవ్వనేదు గానీ, ఆ పేరు ఇచ్చేరు. అదే నా ఆస్తి అనుకునేవోణ్ణి.

రిటైరయ్యేక ఇంట్లో కూచుంటే మా ఆవిడ అప్పలనర్సమ్మ నన్ను కాల్చుకు తినీసేది. 'ఆ ఫ్యాను విప్పుతావు, ఈ మిక్సీ విప్పుతావు, ఏదీ మళ్లీ బిగించవు, ఎక్కడికన్నా పోరాదా' అనీది. పోయేను. ఊరి బయట ఓ ప్రైవేటు కాలేజీలో లేబ్ అటెండరుగా చేరేను. లేబ్‌లో మిషన్లన్నిట్నీ చూసుకోవాల. అందులో పెద్దది ఓ నిలువు ఫ్రీజరు. మైనస్ ఎనభై డిగ్రీలు. బోగీలో ఇరవై నాలుగు నిలబెడితే గొప్పనుకున్న నేను, మైనస్ ఎనభై చూసి నోరెళ్లబెట్టేను.

ఆ లేబ్‌లో ప్రత్యూష అని ఓ పిల్ల పీహెచ్‌డీ చేస్తంది. వాళ్ల నాన్న బొగ్గు కంపెనీలో సర్వేయరు, రాజమండ్రి వైపోళ్లు. పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు చక్కగా మాట్లాడతాది గానీ చదవమంటే కూడబలుక్కుంటాది. నన్ను అంకుల్ అంటాది. అటెండర్ని అంకుల్ అనీవాళ్లు ఆ కాలేజీలో ఇంకెవరూ నేరు. మిగతావోళ్లకి నేను 'ఓయ్'.

ఆ పిల్ల ఏటి చేస్తందో నాకు తనే కూచోబెట్టి చెప్పింది. మన ఒంట్లో జబ్బులతో కొట్లాడే తెల్లకణాలుంటాయట. బయట శత్రువు తగిలితే ఆ కబురు కణం లోపలికి మోసుకెళ్లేది ఓ ఎంజైమ్ అట, దాని పేరు జాప్ సెవెంటీ. 'ఈ కబుర్లు మరీ ఎక్కువైపోతే మన కణాలు మన కీళ్లనే కొరుక్కు తింటాయి అంకుల్. అందుకే దాన్ని కొంచెం ఆపే మందు కోసం వెతుకుతున్నా' అంది. బిలాస్‌పూర్ పక్క కోటా అవతల అడవిలో ఓ చెట్టు బెరడుంది. కీళ్లు వాచినోళ్లు అక్కడ దాన్ని మరిగించి తాగుతారు. నిజంగా పనిచేస్తదా, ఒట్టి నమ్మకమా? నాలుగేళ్లు ఆ బెరడు నూరి, వడగట్టి, అందులోంచి చిటికెడు పొడి తీసింది.

పరీక్షకి ఆ ఎంజైమ్ కావాల. మనిషి రక్తంలోంచి పిండినది కాదది. మనిషి జీన్ ముక్క పట్టుకెళ్లి పురుగుల కణాల్లో పెడితే, అవి కూచుని మనిషి ఎంజైమ్ తయారుచేసి పెడతాయట. ఒంటికి ఎక్కించీది కాదు, తాగీది కాదు, లేబ్‌లో పరీక్షలకి మాత్రమే. నాకా సంగతి ఎంత నచ్చిందంటే ఇంటికెళ్లి మా ఆవిడకి రెండుసార్లు చెప్పేను. పురుగు మాట వినీసరికి అన్నం తినడం మానీసింది.

పరీక్ష నాబోటివాడికి కూడా తెలిసీదే. ఎంజైమ్ బతికుంటే మిషన్‌లో అంకె పెద్దదొస్తాది. బెరడు పొడి కలిపేక అంకె పడిపోతే పొడి పనిచేసినట్టు. ఎప్పుడు చేసినా రెండూ పక్కపక్కనే చెయ్యాల, ఒట్టి ఎంజైమ్ ఒకటి, పొడి కలిపింది ఒకటి. మొదటి సీసా ఒట్టి ఎంజైమ్ అంకెలు తీసుకోడానికే అయిపోయింది. రెండో సీసా కోసం ఏడు నెలలు కాసుకుంది ఆ పిల్ల. ఎక్కడో దేశంనించి, పొగలు కక్కే డ్రై ఐస్ పెట్టెలో వచ్చింది. పెట్టెడు ఐసు, అందులో చిటికెన వేలి గోరంత గొట్టం, దాని అడుగున ఉందో నేదో తెలీని చుక్క.

అది ఫ్రీజర్లో పెట్టి, తలుపు మూతపడిందో నేదో రెండుసార్లు లాగి చూసింది ఆ పిల్ల. 'ఒక్కసారి కరిగి పాడైందంటే నా నాలుగేళ్లూ పోయినట్టే అంకుల్' అంది. నేను గుండెమీద చెయ్యేసుకున్నాను. 'నా చేతిలో మిషన్ ఆగదమ్మా' అన్నాను. ఎంత బడాయి మాటో చూడండి.

అది ఆగస్టు ఆఖరు. సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజ. మా ఊళ్లో షెడ్డుల్లో ఆ రోజు ఎలాగుంటాదో చూసినోళ్లకి తెలుసు. స్పానర్నించి క్రేను దాకా కడిగి, తుడిచి, బొట్టెట్టి, దండెయ్యాల. ఆ రోజు మిషన్‌కి సెలవు. పూజయ్యి ప్రసాదం పంచేదాకా స్విచ్చి ముట్టుకోకూడదు. నడిచే రైళ్లు నడుస్తాయి గానీ, షెడ్డులో మాత్రం చిన్న మోటారు కూడా తిరగదు. ముప్పయ్యారేళ్లు నా చేతులకి అదే అలవాటు.

కాలేజీలో ఆ పూజ అంతకుముందెప్పుడూ నేదు. ఆ ఏడు నాగేంద్ర సారుకి పుట్టింది ఆ బుద్ధి. సారంటే మా హెడ్డు, ప్రత్యూషకి గైడు. ఆయన గురించి ఏటి చెప్పను? నోట్లో ఎప్పుడూ పానే. పరీక్ష గొట్టాలు కడుక్కునే సింకులో ఊసీవోడు. రోజూ ఆ ఎర్ర చారలు నేను చేత్తో రుద్దాల. రుద్దుతంటే వక్కపలుకులు వేళ్లకి తగిలేవి. ఓసారి ప్రత్యూష గొట్టాల స్టాండు మీదే పడింది ఆ ఉమ్మి. 'అరే, కడిగేయ్, కడిగేయ్' అని నవ్వేడు. కడిగేను. కొత్త బిల్డింగు కట్టిస్తానన్న ఓ పెద్దమనిషిని పిలిచి, ఆయన్ని ఫ్రీజరు ముందు నిలబెట్టి ఫొటో తీయించాలని సారు ఆశ. అందుకే పూజ.

ప్రత్యూష ఆ రోజు రాయ్‌పూర్ సెమినారుకెళ్లింది. నేను తొమ్మిదింటికి లేబ్‌కెళ్లి మిషన్లన్నీ తుడిచేను. ఫ్రీజరు తుడిచేను. ప్లగ్గు పీకేను.

ఇది బాగా వినండి. నాకు ఎవరూ చెప్పనేదు. సారు చెప్పనేదు, ప్రిన్సిపాల్ చెప్పనేదు. నా చెయ్యి దానంతటది ఎళ్లింది. అరగంటలో పూజయిపోద్ది, తలుపు మూసుంటే చలి ఎక్కడికి పోద్ది అనుకున్నాను. మూసుంటే అది నిజమే.

పదింటికి సారొచ్చేడు. 'తలుపు తియ్యి, లోపల మంచు ఫొటోలో కనబడాలి' అన్నాడు. 'కరిగిపోద్ది సార్' అన్నాను. 'అతిథిగారు గేటు దగ్గరికొచ్చేశారు, రెండు నిమిషాలు' అన్నాడు. తీసేను. తలుపుకి అటూ ఇటూ బంతిపూల దండ కట్టించేడు. ఆ దండ అడ్డమొచ్చి తలుపు మళ్లీ మూతపడదు. అతిథి గేటు దగ్గర నేడు, ఊళ్లోనే నేడు. పదకొండైంది, ఒంటిగంటైంది. ఫ్రీజరుకి బేటరీ మీద నడిచే మీటరూ అలారమూ ఉన్నాయి, ఆ అలారం కుయ్యో మొర్రో అని ఏడుస్తంది. 'శుభమా అని పూజ చేస్తుంటే ఏంటా ఏడుపు, దాని నోరు మూయించు' అన్నాడు సారు. బటన్ నొక్కి నేనే మూయించేను. దండ కోసీమని నా నోరు పెగల్లేదు, ప్లగ్గు పెట్టీమని నా చెయ్యి లేవనేదు. పూజ అవ్వకుండా స్విచ్చెలా ముట్టుకోవడం? అంత మడి కట్టుకున్నాను నేను.

నాలుగున్నరకి అతిథిగారు వచ్చేడు. కొబ్బరికాయ ఫ్రీజరు గడప మీదే కొట్టేడు. ఆ నీళ్లు లోపలికి కారేయి. ఫొటోలయ్యేయి, బూందీ పంచేరు, అందరూ ఎళ్లిపోయేరు. అప్పుడు లోపల చూసేను. ఓలమ్మో. ఎవరో రీసెర్చి పిల్లలు దాచుకున్న ఎలకల కాలేయాలు సంచుల్లో కరిగి, గులాబీరంగు నీళ్లు మెట్టుమెట్టుకీ కారతన్నాయి. ఆ నీళ్లలో బంతి రేకులు, కొబ్బరి పీచు, కుంకం. కుళ్లు కంపు. పైన అంకె చూస్తే ప్లస్ పదకొండు.

సారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని తొంగి చూసేడు. 'తుడిచేసి ప్లగ్ పెట్టెయ్. పొద్దున్నకి మళ్లీ గడ్డ కట్టేస్తుంది, ఎవరికి తెలుస్తుంది? లాగ్‌బుక్‌లో రోజూ రాసినట్టే రాసెయ్' అన్నాడు. రాసేను. పొద్దున్న మైనస్ ఎనభై, మధ్యాన్నం మైనస్ ఎనభై, సాయంత్రం మైనస్ డెబ్బై తొమ్మిది. నమ్మకంగా ఉండాలని ఒక డిగ్రీ తేడా పెట్టి రాసేను. నా తెలివి తగలెయ్య! థూ!

ప్రత్యూష వచ్చి పరీక్ష పెట్టుకుంది. ఒట్టి ఎంజైమ్‌కి సున్నా. పొడి కలిపిందానికీ ఇంచుమించు సున్నాయే. మళ్లీ చేసింది, సున్నా. మూడు రోజులు ఆ పిల్ల అన్నం డబ్బా విప్పనేదు. నాలుగో రోజు సారు ఆ పిల్లని గదిలోకి పిలిచేడు. నేను అక్కడే ఏసీ ఫిల్టర్ విప్పుతన్నాను, నా ముందే మాట్లాడేడు. అటెండరుకి చెవులుంటాయని ఆయనకి తట్టదు. 'ఒట్టి ఎంజైమ్ సున్నా వచ్చిందంటే అది నీ చేతి పొరపాటు. దాన్ని వదిలెయ్. పోయినేడాది సీసా అంకె ఉంది కదా, అది పక్కన పెట్టు. పొడి కలిపిన అంకె మాత్రం ఇదే ఉంచు. నూటికి తొంభై ఎనిమిది వంతులు ఆపింది! అద్భుతం అమ్మా!' అన్నాడు.

చచ్చినోడికి మందేసి జొరం దిగిపోయిందన్నట్టుంది ఆ లెక్క. ఎంజైమే చచ్చిపోతే బెరడు పొడి కలిపినా ఒకటే, బూడిద కలిపినా ఒకటే. ఆ మాత్రం నాకే తెలుస్తంటే, ప్రొఫెసరుకి తెలీదేటి? తెలుసు. తెలిసే పాన్ నముల్తూ చెప్తన్నాడు.

ఆ సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. ఫ్రీజరు పక్కన స్టూలు లాక్కుని కూచుంది. 'అంకుల్, పూజ రోజు ఇది ఆగిందా?' అని అడిగింది.

ఎంత తిన్నగా అడిగింది! ఆగిందమ్మా అని ఒక్క మాటంటే సరిపోయీది. సారంటే భయమా అంటే అదీ కాదు, ఆయన మొహం చూస్తేనే నాకు కంపరం. అయినా, నా చేతిలో మిషన్ ఆగదు అన్న నోటితో ఆగిందని ఎలాగ చెప్పను? ముప్పయ్యారేళ్ల పేరు ఆ పిల్ల కళ్లముందు ఎలాగ పారబోసుకోను?

'లేదమ్మా. ఒక్క నిమిషం కూడా ఆగలేదు' అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. 'అచ్ఛా' అని లేచి ఎళ్లిపోయింది.

తర్వాత అన్నీ సారనుకున్నట్టే అయ్యేయి. ఎక్కడో సైన్సు పత్రికలో వ్యాసం పడింది. ఇక్కడి హిందీ పేపర్లో బెరడు చేత్తో పట్టుకుని సారు ఫొటో వేసేరు, కీళ్లవాతానికి మన అడవి మందు అని. ఆ రోజు లేబ్ అంతటికీ లడ్డూలు. సారు తన చేత్తోనే నా నోట్లో పెట్టేడు. వేలి గోట్లో పాన్ ఎరుపు కనబడతనే ఉంది. నోరు తెరిచేను, తిన్నాను.

అక్కడితో ఆగినా నేను కుక్కిన పేనులా పడుండేవోణ్ణేమో. ఓ ఆదివారం పొద్దున్న వంటింట్లోంచి చేదు కంపొస్తే ఎళ్లి చూసేను. పొయ్యి మీద గిన్నెలో ఎర్రగా ఏదో మరుగుతంది. మా ఆవిడకి రెండేళ్లనించి చేతి కణుపులు వాచిపోతన్నాయి, డాక్టరు ఇచ్చిన మాత్రలతో నెట్టుకొస్తంది.

'ఏటిది?' అన్నాను.

'ఏటేటి, మీ లేబ్ మందే. బుధవారీ బజార్లో అమ్ముతన్నారు. అమ్మీవోడు బుట్టకి మీ సారు ఫొటో కూడా అంటించేడు. వారమైంది తాగుతన్నాను' అంది.

'మాత్రలో?'

'మానీసేను. రెండూ కలిపితే వికటిస్తాదట.'

చేతులు చూసేను. వేళ్లు అరటికాయల్లా ఉబ్బి ఉన్నాయి, గరిటె పట్టుకోడానికి రెండు చేతులూ వాడతంది. గిన్నె తీసి సింకులో ఒంపీసేను. మా ఆవిడ నామీద గయ్‌మని లేచింది. 'నీకేటి పిచ్చిగానీ పట్టిందా? ఆ పిల్ల నాలుగేళ్లు కష్టపడి కనుక్కుంది. నువ్వే కదా కాపలా కాసేవు! ఊళ్లో అందరికీ చెప్పుకుంటన్నాను నేను, మా ఆయన చేతిమీదుగా అయిందని!' అంది. నిజం నా నాలిక చివరి దాకా వచ్చింది. మింగీసేను. 'మాత్రలు మానకు' అని మాత్రం అన్నాను. ఆవిడ విననేదు. మర్నాడు మళ్లీ అదే కంపు.

ఇంక తట్టుకోలేక ఆ రోజు మధ్యాన్నం ప్రత్యూష దగ్గరికెళ్లేను. లేబ్‌లో తనొక్కతే ఉంది. కంప్యూటర్ ముందు కూచుని థీసిస్ ప్రింటు తీసుకోబోతంది. నిలబడే చెప్పేను. 'అమ్మా, పూజ రోజు ఫ్రీజరు ఆగింది. ఎనిమిది గంటలు ఆగింది. ప్లగ్గు నేనే పీకేను. నీకు అబద్ధం చెప్పేను.'

ఆ పిల్ల ఉలిక్కిపడుతుందనుకున్నాను. ఏడుస్తాదనుకున్నాను. కుర్చీ నావైపు తిప్పింది, అంతే.

'తెలుసు అంకుల్. ఆ మిషన్ తన టెంపరేచర్ తనే లోపల రికార్డు చేసుకుంటుంది. మిమ్మల్ని అడగడానికి ముందే చూశాను. ప్లస్ పదకొండు.'

'మరి నన్నెందుకు అడిగేవమ్మా?'

'సర్‌తో ఒక్కదాన్నే కొట్లాడలేననిపించింది. మీరు ఆగిందంటే మిమ్మల్ని తీసుకుని డీన్ దగ్గరికి వెళ్దామనుకున్నా. లేబ్‌లో నాకు నమ్మకం ఉన్నది మీమీదే. మీరేమో ఒక్క నిమిషం కూడా ఆగలేదన్నారు. బస్, అంతే. ఇంక నేనూ ఆగలేదు, సర్ చెప్పిన అంకెలే పెట్టేశా.'

తెర మీద ఓ పేజీ తెరిచి చూపించింది. థీసిస్‌లో సాయం చేసినోళ్లకి థేంక్స్ చెప్పుకునే పేజీ అది. ఇంగ్లీషులో ఉంది, నా పేరు మాత్రం గుర్తుపట్టేను. తనే తెలుగులో చెప్పింది. 'శ్రీ బంగార్రాజు గారికి కృతజ్ఞతలు. మైనస్ ఎనభై ఫ్రీజర్‌ని ఆయన ఒక్క నిమిషం కూడా ఆగనివ్వకుండా కాపాడారు.'

వెటకారం కాదు. ఆ గొంతులో కోపం కూడా నేదు. అందుకే నాకు ఒళ్లంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. 'తీసీ అమ్మా, నా పేరు తీసీ' అన్నాను.

'మీ పేరొక్కటీ తీస్తే ఏం లాభం? తీస్తే మొత్తం తీసెయ్యాలి' అంది. కుర్చీలోంచి లేచింది. 'డీన్ సర్ కింద గదిలోనే ఉన్నారు. రికార్డు నేను చూపిస్తా, ఏం జరిగిందో మీరు చెప్పండి. నా నాలుగేళ్లు పోతే పోనీ. బజార్లో జనం ఆ బెరడు కొనుక్కుంటున్నారు అంకుల్, నాకు నిద్ర పట్టట్లేదు. పదండి.'

తలుపు దగ్గరికెళ్లి చెప్పులేసుకుని నిలబడింది. నాకోసం చూస్తంది.

కొలువు పోతే నాకు పోయేదేటీ నేదు, పింఛనుంది. ఇంట్లో నా పెళ్లాం చేతులు ఉబ్బిపోతన్నాయి. అన్నీ తెలుసు. కిందికి ఇరవై మెట్లు. కానీ ఆ గదిలో నిలబడి, ఏసీ మెకానిక్ బంగార్రాజు పూజ చేసుకుంటూ మైనస్ ఎనభై ఫ్రీజరు ప్లగ్గు పీకేడని నా నోటితో నేను చెప్పాల. సాయంత్రానికి ఆ కబురు డిపోకి చేరిపోద్ది. టీ బంకు దగ్గర మావోళ్లు నవ్వడం నాకు వినబడిపోయింది.

'ఇంట్లో ఓ మాట చెప్పొస్తానమ్మా. రేపు ఎళ్దాం' అన్నాను.

'సబ్మిట్ చెయ్యడానికి ఈ రోజే ఆఖరు అంకుల్' అంది.

నేను నిలబడ్డ చోటునించి కదల్నేదు. ఆ పిల్ల ఇంకాసేపు తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత చెప్పులు విప్పీసి వచ్చి కూచుని బటన్ నొక్కింది. ప్రింటర్లోంచి వేడివేడిగా కాగితాలు వస్తన్నాయి. నేల మీద పడిపోతంటే వంగి ఏరేను.

'కొంచెం సరిచేసి ఇస్తారా అంకుల్, బైండింగ్‌కి పంపాలి' అంది.

అంచులన్నీ బల్లకేసి తట్టి, సరిచేసి, ఆ పిల్ల చేతికిచ్చేను.